కాలువ కట్టేసిన నెల

మే నెల రెండో ఆదివారం, ఇంకా చీకటి ఉండగానే బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, కాలువలో నీళ్ళు అడుగంటాయి. తూము కింద మడుగొక్కటే మిగిలింది. ఎండెక్కితే అదీ ఉండదు. వస్తావా?" రాత్రే బకెట్టు, తడిపిన గోనెసంచి, పాత పేపర్లు స్కూటర్ పక్కన పెట్టుకుని పడుకున్నాను. ఈ ఫోన్ కోసం నెల్లాళ్ళుగా ఎదురుచూస్తున్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

బాబాయి ముప్పై రెండేళ్ళు కాలువ మీద లస్కరుగా చేసి దిగాడు. ఏ తూము తలుపు ఎంత ఎత్తితే ఎవరి చేలోకి నీరెక్కుతుందో ఆయనకి ఇప్పటికీ నోటిలెక్కే. నాకు కోనసీమలోని కొత్తపేటలో మందుల షాపు. కౌంటర్ పక్కన మూడడుగుల గాజు తొట్టి ఉంది, వంద లీటర్లు పడుతుంది. చీటీ ఇచ్చి మందుల కోసం నిలబడ్డవాళ్ళు దాన్నే చూస్తుంటారు. జ్వరంతో వచ్చిన పిల్లలైతే గాజుకి ముక్కు ఆనించి నిలబడిపోతారు. "ఈ మొక్కలు ఎక్కడ కొన్నారండీ?" అని వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. అందులో కొన్నది ఒక్కటీ లేదు. అన్నీ మా కాలువలవి, మా పంటబోదెలవి, మా చేలవి. అడిగిన వాళ్ళకి నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మొదట కొన్నాను. తొట్టి పెట్టిన కొత్తలో, మూడేళ్ళ కిందట, ఊరుగాని ఊరి నుంచి కొరియర్లో మొక్కలు తెప్పించాను. చిన్న చిన్న కుండీల్లో, దూదిలాంటి దాంట్లో వేళ్ళు, పైన నిగనిగలాడే ఆకులు. పెట్టిన వారానికి ఆకులు గాజులా పలచబడ్డాయి. రెండో వారానికి జారిపోయి ఫిల్టర్లో చేరాయి. మందులిచ్చే వాడిని కదా, కారణం తెలిసేదాకా ఊరుకోలేకపోయాను. ఇలాంటి మొక్కల్ని నర్సరీల్లో చాలావరకు నీళ్ళలో ముంచి పెంచరు, తేమ గాలిలో పైకి పెంచుతారు. గాలిలో పుట్టిన ఆకు నీళ్ళలో బతకదు. మొక్క పాత ఆకుల్ని వదిలేసి నీటికి తగిన ఆకుల్ని కొత్తగా పుట్టించుకోవాలి. దానికి బలం కావాలి, ఒప్పే నీళ్ళు కావాలి. మా బోరు నీళ్ళు చూస్తే కాస్త ఉప్పదనం, సున్నం. నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే మీటరు పెడితే 640 చూపించింది. అదే మీటరు జనవరిలో కాలువ నీళ్ళలో పెడితే 170. మెత్తటి నీళ్ళలో, బొగ్గుపులుసు వాయువు సిలిండరు పెట్టి పెంచిన మొక్క మా బోరు నీళ్ళకి తట్టుకోలేదు, అంతే.

ఆ రోజుల్లోనే బాబాయి షాపుకొచ్చాడు. తొట్టిలో మిగిలిన ఒక్క మొక్కని చూశాడు. వెడల్పాటి రిబ్బనులా పొడుగాటి ఆకులున్న వాలిస్నేరియా అది. "దీన్ని డబ్బులిచ్చి కొన్నావా? ఇది నేను ముప్పై ఏళ్ళు పీకి గట్టు మీద పోశాను" అన్నాడు. కాసేపాగి, "పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా, మందుల కొట్టు పెట్టుకున్నా నీకదే అయ్యింది" అన్నాడు. ఆ మాట మనసులో పడిపోయింది. మర్నాటి నుంచే ఆయన వెంటపడ్డాను.

వెళ్ళడానికి ముందు మా నీళ్ళ సంగతి తెలియాలి. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టింది, ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. అక్కడ బొబ్బర్లంక వైపు నుంచి బయల్దేరిన కాలువ లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోయి కోనసీమంతా అల్లుకుంటుంది. కాలువలోంచి తూము, తూములోంచి బోదె, బోదెలోంచి చేను, చేలోంచి మురుగుకోడు. నీటిమొక్కలు కూడా ఇదే దారిన నడుస్తాయి. పెద్ద కాలువలో తెగిన కొమ్మ ముక్క తూములోంచి జారి బోదెలో వేళ్ళూనుకుంటుంది. అయితే నీళ్ళున్నాయి కదా అని అన్ని చోట్లా అన్నీ ఉండవు. పెద్ద కాలువ నడిమధ్యలో ఉరవడి ఎక్కువ, అక్కడ ఏదీ నిలవదు. ఒడ్డు వార, లాకుల పక్కన నీళ్ళు సుడి తిరగకుండా నిలిచే మూలల్లో, మేకులు కొట్టినట్టు వాలిస్నేరియా ఉంటుంది. చిన్న బోదెల్లో హైడ్రిల్లా. ఊరి చెరువుల్లో నిలవ నీటిమీద అంతరతామర, నీళ్ళలో వేళ్ళే లేకుండా నక్కతోకలా తేలే సెరటోఫిల్లం.

కాలం కూడా చూడాలి. జూన్‌లో నీళ్ళు వదులుతారు. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు వచ్చేస్తుంది. పులస కోసం ఊళ్ళన్నీ నిప్పుల మీద నిలబడే రోజులవి, నీటిమొక్కలకి మాత్రం చీకటి రోజులు. చెయ్యి ముంచితే మణికట్టు కనిపించదు, ఇక అడుక్కి వెలుగేం దిగుతుంది? ఆకులన్నీ బురద పట్టి చివికిపోతాయి, వేళ్ళు, పిలకలు మాత్రం మన్నులో కాచుకుని ఉంటాయి. దసరా దాటాక నీళ్ళు తేరుకుంటాయి. సంక్రాంతికి బోదె గట్టున నిలబడితే అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టొచ్చు, మొక్కలు నీటివాలుకి జడల్లా ఊగుతుంటాయి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారు. అప్పుడు అడుగున ఉన్నదంతా బయటపడుతుంది. చూసుకుని ఏరుకోవడానికి సంక్రాంతి కాలం మంచిది. ఏ మొక్క ఎక్కడ వేళ్ళూనిందో, ఏ రకం మన్నులో పెరిగిందో తెలియాలంటే కాలువ కట్టేసిన నెలే.

కానీ నేను ఇవేవీ తెలియకుండానే మొదటిసారి వెళ్ళాను. సెప్టెంబరులో, సార్వా (తొలి పంట) చేల మధ్య బోదెలోంచి పచ్చగా కనిపించిందల్లా బకెట్టుకెత్తుకొచ్చి, ట్యాపు కింద కడిగి తొట్టిలో పెట్టేశాను. తొట్టిలో అప్పటికి నలభై దాకా చిన్న రొయ్యలున్నాయి. గోరంత కూడా ఉండవు, ఒళ్ళంతా గాజే, నాచు గీరుకు తింటూ తొట్టిని శుభ్రంగా ఉంచేవి. సాయంత్రానికి అవి పిచ్చి పట్టినట్టు ఈదడం మొదలుపెట్టాయి. తెల్లారేసరికి అన్నీ తెల్లబడి అడుగున పడున్నాయి. చేపలకేం కాలేదు. అప్పుడు అర్థమైంది. రెండ్రోజుల కిందట ఆ చేలో పురుగుమందు కొట్టారు. పురుగుకి పెట్టిన మందు రొయ్యని కూడా వదలదు, రెండూ దగ్గరి చుట్టాలే. ఆకుల మీద పట్టున్న మందు చాలింది. రైతు తన పంట కాపాడుకున్నాడు. అడక్కుండా తెచ్చింది నేను. షాపులో ఏ సీసా మీద ఏం రాసుందో చదివి ఇచ్చేవాడిని, బోదె నీళ్ళ దగ్గర ఆ మాత్రం ఆలోచించలేకపోయానే అని చాలా రోజులు బాధపడ్డాను.

ఆ దెబ్బతో ఒక అలవాటు చేసుకున్నాను. ఎక్కడ మొక్క తీస్తానో అక్కడి నీళ్ళలో ముందు దోమపిల్లలున్నాయా, నీటిపురుగులు తిరుగుతున్నాయా అని చూస్తాను. నీళ్ళు అద్దంలా ఉండి, ఒక్క పురుగు కూడా కదలకపోతే ఆ చోట చెయ్యి పెట్టను. పురుగులు బతికి ఉన్న నీళ్ళే నాకు కావలసిన నీళ్ళు. చేను వాళ్ళని కూడా అడుగుతాను. "మందు కొట్టి ఎన్నాళ్ళయ్యిందండీ?" అంటే ఎవరైనా చెబుతారు. రొయ్యల చెరువుల నీళ్ళు కలిసే మురుగుకోడుల జోలికి అసలు పోను. రొయ్యపిల్లల్ని వదిలే ముందు బ్లీచింగు, తర్వాత రకరకాల మందులు, పైగా ఉప్పు. నా చిన్నప్పుడు మేం ఈత కొట్టిన ఒక కోడు ఇప్పుడు ఆ నీళ్ళతో నల్లగా పారుతోంది. అందులో కలువపూలు ఉండేవి. అది తలుచుకుంటే నాకు మాట రాదు.

రెండో నష్టం తూనీగ పిల్ల వల్ల. మా బోదెల్లో నెత్తి మీద వెండిచుక్క ఉండే చిన్న చేప ఒకటుంటుంది. పైనించి చూస్తే చీకట్లో మిణుగురు పోతున్నట్టు ఆ చుక్కే కనిపిస్తుంది. పుస్తకాల్లో దాని పేరు పాంచాక్స్. తొట్టిలో అవి గుడ్లు పెట్టి, పిల్లలయ్యాయి. రోజుకి రెండు మూడు మాయమవుతున్నాయి. రాత్రి పదకొండుకి టార్చి వేసి చూస్తే వాలిస్నేరియా మొదట్లో మట్టి రంగులో ఒక పురుగు, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పిల్ల దగ్గరకొచ్చింది. పురుగు ముఖం కింద మడిచి ఉన్న కింది పెదవి చెయ్యిలా చాచుకుని వచ్చి పిల్లని పట్టేసింది. ఎంత వేగమంటే నేను చూశానా లేదా అనిపించింది. పొలంలో దోమల్ని తినే తూనీగ అంటే నాకు ఇష్టం. దాని పిల్లని పట్టుకెళ్ళి పొద్దున్నే బోదెలో వదిలాను.

అప్పటి నుంచి ఏ మొక్కా నేరుగా తొట్టిలోకి వెళ్ళదు. డాబా మీద నీడలో మూడు ప్లాస్టిక్ తొట్లున్నాయి. తెచ్చిన మొక్క మూడు వారాలు అక్కడే. అంతకు ముందు స్నానం. పది లీటర్ల నీళ్ళలో 100 మిల్లీగ్రాముల పొటాషియం పర్మాంగనేటు కలిపి, గులాబీ రంగు నీళ్ళలో పది నిమిషాలు. షాపులో తూకం ఉంది కాబట్టి నాకు లెక్క తప్పదు, కంటి లెక్కన వేసేవాళ్ళు తక్కువే వెయ్యండి. రంగు ముదిరితే మొక్క కాలిపోతుంది. సన్నటి ఆకులున్న వాటికి ఐదు నిమిషాలు చాలు. చేతికి పట్టిన గోధుమరంగు మరక రెండ్రోజులదాకా పోదు. నత్తగుడ్లకి మాత్రం అది సరిపోదు, అవి జిగురులో ఉంటాయి. వాటికి పటిక. పది లీటర్లకి మూడు పెద్ద చెంచాల పొడి, రెండు మూడు గంటలు, తర్వాత మంచినీళ్ళలో రెండుసార్లు జాడించడం. మా అమ్మమ్మ ఎర్రనీళ్ళ బిందెలో పటిక ముక్క తిప్పి తేర్చేది. అదే పటిక ఇప్పుడు నా బకెట్లో తిరుగుతోంది. డాబా తొట్లలో దోమలు పెట్టకుండా ఒక్కో పాంచాక్స్ జంటని వదులుతాను. అవి బతికి, గుడ్లు పెట్టి, నాలుగు పిల్లలైతే ఆ మొక్కలకి ఏ మందూ లేదని నాకు ధైర్యం.

మొక్కని నీళ్ళ బకెట్లో వేసి తేవడం కన్నా తడి పేపర్లో చుట్టి, తడి గోనెలో పెట్టి తేవడం మేలు. బకెట్లో నీళ్ళు ఎండకి కాగి మొక్క ఉడికిపోతుంది. తడి పేపర్లో ఉన్నది సాయంత్రందాకా పచ్చగా ఉంటుంది. ఇది కూడా బాబాయి చెప్పిందే, తమలపాకులు అలాగే కదా తెస్తారు అన్నాడు.

హైడ్రిల్లా గురించి ఒక మాట. మా బోదెల్లో ఎక్కడ చెయ్యి పెట్టినా అదే. మా వైపు నాచు అనో పాచి అనో పిలుస్తారు. ఆకులు కాడ చుట్టూ వరసగా ఉంటాయి, అంచుకి రంపప్పళ్ళు, కిందనుంచి పైకి వేళ్ళతో రాస్తే గరుకు తెలుస్తుంది. బడిలో గరాటు బోర్లించి, మీద నీళ్ళ పరీక్షనాళిక పెట్టి, ఎండలో ఉంచి బుడగలు లెక్కపెట్టిన మొక్క ఇదే. మా క్లాసుకి ఆ మొక్క తెచ్చే పని నాదే ఉండేది, ఎందుకంటే బడి గోడ దాటితే బోదె. ఇన్నేళ్ళ తర్వాత షాపులో లైటు వేసిన గంటకి దాని కణుపుల నుంచి పూసల్లా బుడగలు లేస్తుంటే అదే ఆనందం కలిగేది. గాలిలోంచి కరిగిన బొగ్గుపులుసు వాయువు చాలకపోయినా సున్నపు నీళ్ళలో ఉన్న బైకార్బొనేటుని వాడుకోగలదు హైడ్రిల్లా. వాలిస్నేరియా కూడా అంతే. మా బోరు నీళ్ళలో కొన్న మొక్కలు చచ్చి ఇవి బతకడానికి పెద్ద కారణం ఇదే అనుకుంటున్నాను. అయితే దాన్ని తొట్టిలో పెట్టేవాళ్ళు వారానికోసారి కత్తిరించడానికి సిద్ధపడి పెట్టండి. ఒక్క కణుపు తెగి పడినా మళ్ళీ మొక్క అవుతుంది, మన్నులో చిన్న దుంపలు దాచుకుంటుంది. నేను మాత్రం ఇప్పుడు డాబా మీది తొట్టికే దాన్ని పరిమితం చేశాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి కలుపుమొక్కలు. సార్వా చేలల్లో ఆగస్టు, సెప్టెంబరుల్లో కలుపు తీసేటప్పుడు గట్టు మీద పోసిన కుప్పల్లో చూడండి. అందులో లిమ్నోఫిలా ఉంటుంది. నీళ్ళ పైన ఉన్న ఆకులు మామూలు ఆకుల్లా ఉంటాయి, నీళ్ళలో మునిగిన ఆకులు మాత్రం సోంపు ఆకులా దారాలు దారాలుగా చీలి ఉంటాయి. ఒకే కాడ మీద రెండు రకాల ఆకులు. నలిపితే ఘాటైన వాసన. రోటాలా కూడా అక్కడే, బెత్తెడు ఎత్తు, కాడ ఎర్రగా. నీళ్ళలో నిలువునా ముంచి మంచి వెలుగు ఇస్తే రెండు మూడు వారాల్లో పాత ఆకులు రాలిపోయి, సన్నటి కొత్త ఆకులు కొసన ఎరుపెక్కుతాయి. మొదటిసారి నేను గట్టు మీద కూర్చుని ఏరుతుంటే కలుపు తీస్తున్న ఒకామె ఆగి చూసింది. "ఏంటండీ బాబూ, కలుపు కూడా ఏరుకుంటున్నారు?" అంది. మొక్కలకి నీళ్ళ తొట్టి పెట్టానని చెప్పాను. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆమె ఎర్రకాడలవన్నీ విడిగా ఒక కట్ట కట్టి, తడి గుడ్డ కప్పి ఉంచింది. "ఇయ్యేనా మీకు కావలసినయ్యి?" అంది. అవే. ఇప్పుడు షాపు తొట్టిలో ఎడమపక్క ఎర్రగా కనిపించే గుబురంతా ఆమె కట్టిన కట్టే. తర్వాత షాపుకొచ్చినప్పుడు చూపించాను. "మా చేలోది ఇంతందంగా ఉంటదా!" అని చాలాసేపు నిలబడింది.

అపొనోజిటాన్ అనే దుంప మొక్క మాత్రం బాబాయి ఇచ్చింది. ఒక ఎండాకాలం, పూర్తిగా ఎండి బీటలు వారిన గుంటలో గునపంతో తవ్వి, గోలీకాయంత దుంప ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. చూస్తే ఎండిన మట్టి ఉండ. "చిన్నప్పుడు ఇవి ఉడకేసుకుని తినేవాళ్ళం. పేరు గుర్తు రావట్లేదు గానీ రుచి గుర్తుంది" అన్నాడు. నీళ్ళలో వేశాను. తొమ్మిదో రోజుకి మొలక. నెలకి అలలు తిరిగిన అంచులతో మూరెడు ఆకులు, తర్వాత నీళ్ళ పైకి ఒక తెల్లటి పూల కంకి. ఆ దుంప నీళ్ళు లేని నెలలన్నీ నిద్రపోతుంది. తొట్టిలో కూడా ఏటా రెండు నెలలు ఆకులు వదిలేస్తుంది. చచ్చిపోయిందని పారెయ్యకండి, లేస్తుంది.

కాలువలోకి దిగేటప్పుడు బాబాయి కర్రతో ముందు గట్టంతా తట్టుకుంటూ వెళ్తాడు. నీటిలో కనిపించేవి చాలావరకు నీరుకట్లు, అవి మనల్ని చూసి పారిపోతాయి. భయమంతా గట్టు మీద ఎలుక బొరియల దగ్గరే. రక్తపింజర ఎండుగడ్డిలో పడుకుంటే గడ్డికీ దానికీ తేడా తెలియదు. చేతికి, కాలికి పుండు గానీ కోత గానీ ఉన్నప్పుడు ఆ నీళ్ళలో దిగకండి. ఎలుకల వల్ల వచ్చే జ్వరం మందులు నేను ఏటా అమ్ముతూనే ఉన్నాను. అలాగే కొల్లేరు వైపు వెళ్ళినప్పుడు చూసి రావడమే. అది 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలో ఉంది. అక్కడి మొక్క మీద మనకి హక్కు లేదు. మా బోదెలో కూడా నేను ఒక చోట రెండు మూడు మొక్కలకి మించి తీయను. తొట్టికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు, అవే పెరుగుతాయి.

తెచ్చుకోవడం కన్నా పారెయ్యడం దగ్గరే నాకు భయం ఎక్కువ. బాబాయి ఉద్యోగమంతా గుర్రపుడెక్కతో యుద్ధమే. ఎప్పుడో దక్షిణ అమెరికా నుంచి పూలు బాగున్నాయని తెచ్చుకున్న మొక్క అది. లాకుల దగ్గర తెప్పలా పేరుకుపోతే చివరి చేలకి నీళ్ళందక రైతులు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవాళ్ళట. మెడలోతు నీళ్ళలో దిగి కొడవళ్ళతో కోసేవాళ్ళు. మన హైడ్రిల్లా అమెరికాలో చేసిన పని కూడా అదే. 1950ల్లో చేపల తొట్ల వ్యాపారం వల్ల ఫ్లోరిడా చేరి అక్కడి సరస్సుల్నీ కాలువల్నీ కమ్మేసింది. కేరళ పొలాల కాలువల్లో ఇప్పుడు గులాబీరంగు పూల కబొంబా అనే నీటిమొక్క పరుచుకుంటోంది. జనం ఫోటోలు తీసుకుంటున్నారు, అది దక్షిణ అమెరికాది. కాబట్టి దండం పెట్టి చెబుతున్నాను. కొన్న మొక్క ఏదైనా సరే, ముక్కైనా సరే, కాలువలో వెయ్యకండి, తొట్టి నీళ్ళు బోదెలో పొయ్యకండి. నేను కత్తిరించినవన్నీ డాబా మీద పెళపెళ ఎండబెట్టి కొబ్బరిచెట్టు మొదట్లో వేస్తాను.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి. షాపు తొట్టిలో ఉన్న వాలిస్నేరియా అంతా రెండేళ్ళ కిందట తెచ్చిన ఒక్క మొక్క నుంచి వచ్చింది. మొదట్లోంచి మన్ను మీద తీగ పాకించి, జానెడు దూరంలో పిలక వేసి, ఆ పిలక ఇంకో పిలక వేసి, తొట్టి వెనకభాగమంతా తెరలా నిండింది. పోయిన ఏడాది పూసింది. దారంలాంటి కాడ అడుగునుంచి మెలికలు తిరుగుతూ పైకొచ్చి, నీళ్ళ మీద నువ్వుగింజంత తెల్లటి పువ్వు. రోజుల తరబడి అలాగే తేలి, వాడి మునిగిపోయింది. చదివితే తెలిసింది, ఈ జాతిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. నా దగ్గరున్న వందా ఒకే తల్లి పిలకలు, అన్నీ ఆడవే. బాబాయికి చెబితే, "అయితే ఈసారి కాలువ కట్టేసినప్పుడు వేరే వేరే చోట్ల నుంచి తీద్దాం" అన్నాడు. ఆయన మర్చిపోలేదు, తెల్లారకుండా ఫోన్ చేసింది అందుకే.

లొల్ల వైపు వెళ్ళాం. కాలువలో మనుషులు నడుస్తున్నారు, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. తూము కింద మడుగులో పక్కె చేపలు ఒక్కచోటికి చేరి గిలగిలలాడుతుంటే కొంగలు వరస కట్టాయి. తడి ఆరని ఒండ్రు మీద వాలిస్నేరియా ఆకులు దువ్విన జుట్టులా ఒకవైపు పడుకుని ఉన్నాయి. పై ఎండకి కొసలు అప్పటికే కాగితంలా అయిపోయాయి. బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళకింద చెయ్యి పోనిచ్చి మన్నుతో సహా పైకి లేపేవాడు, ఒక్క వేరు తెగేది కాదు. మడుగు దగ్గర ఒకటి, లాకు రెక్కగోడ నీడలో ఒకటి, అక్కడికి రెండు కిలోమీటర్ల కింద చిన్న కాలువ మలుపులో ఒకటి. కలిసిపోకుండా ఎర్రదారం, పచ్చదారం, నీలందారం కట్టాను. నీలందారం మొక్క ఆకు మిగతా వాటికన్నా కాస్త సన్నం. ఎండెక్కేసరికి షాపు తెరిచాను.

జూన్‌లో నీళ్ళొచ్చాయి. జూలైలో ఎర్రబడ్డాయి. డాబా మీద మూడు మొక్కలూ వేళ్ళూనుకున్నాయి. మొన్న బుధవారం పొద్దున్న నీలందారం తొట్టిలో నీళ్ళ మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి నలుసులు. పిట్టగోడ సున్నం రాలిందనుకున్నాను. వేలితో కదిపితే కలిసిపోకుండా ఒకదాని వెంట ఒకటి జారుతున్నాయి. భూతద్దం పెట్టి చూశాను. మొక్క మొదట్లో, ఆకుల మధ్య, ఒక చిన్న తిత్తి పగిలి ఉంది. అందులోంచి ఒక్కొక్క మొగ్గే తెగి, బుడగలా పైకి లేచి, నీళ్ళ మీద విచ్చుకుంటోంది. మగపూలు. ఒక్కొక్కటి ఇసుక రేణువంత.

గిన్నెతో పై నీళ్ళు తేర్చి మెట్లు దిగి షాపులోకి తెచ్చి తొట్టిలో మెల్లగా వంచాను. ఫిల్టరు ఆపేశాను. ఆ సమయానికి అక్కడ రెండు ఆడపూలున్నాయి. పువ్వు బరువుకి దాని చుట్టూ నీటిపొర చిన్న గుంటలా వంగి ఉంటుంది. తేలుతున్న నలుసులు ఆ గుంట అంచుకి రాగానే జర్రున లోపలికి జారి పువ్వుకి తగిలాయి. బీపీ మాత్రల కోసం వచ్చిన ఒక పెద్దాయన నా పక్కనే వంగి చూస్తూ, "ఏం జరుగుతోందండీ?" అన్నారు. చూపించాను. మందులు తీసుకోవడం మర్చిపోయి ఇంకో పావుగంట నిలబడ్డారు.

శనివారానికి ఒక కాడ స్ప్రింగులా మెలి తిరిగి పువ్వుని సగం లోతుకి లాక్కుపోయింది. రెండోది ఇంకా పైనే ఉంది. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "మధ్యాహ్నం బస్సుకి వస్తున్నా. నేనొచ్చేదాకా ఆ రెండోదాన్ని కదపకు" అన్నాడు.